ఎవరి దోషము? - మన్యపు జ్వరమును, యోబు ప్రశ్నయు

విశాఖపట్టణమునుండి అరకులోయకు పోవు రైలు శృంగవరపుకోట దాటిన పిమ్మట కొండ నెక్క నారంభించును. సొరంగములు, వంతెనలు, బొర్రా గుహలు దాటి, గాలికొండ చెంతగా సాగి, సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల ఎత్తుననున్న లోయలోనికి ప్రవేశించును. నేడక్కడికి పోవువారు కాఫీతోటలను, వలిసె పూల పసుపును చూచి సంతసించి వత్తురు. కాని నూరేండ్ల క్రిందట మైదానపువారికి ఆ కొండల పేరు విన్నంతనే తలపునకు వచ్చినది వేరొకటి. అది మన్యపు జ్వరము. ఏజెన్సీకి బదిలీ యనిన యుద్యోగి యింటిలో ఆడువారు కంటతడి పెట్టెడివారు. పోయిన మనిషి తిరిగివచ్చునో రాడో యను భయము వారిది.

జ్వరము సోకిన యింట మందు మాట తరువాతిది. మొదట పుట్టు ప్రశ్న వేరు. "ఇది ఎవరి దోషము?" కొండలమీద పోరజ, కోటియ మొదలగు తెగలలో ఆ ప్రశ్నను దిసారి యెదుట పెట్టుదురు. అతడు తిథినక్షత్రములు గణించి కారణము వెదకును. నిసాని దేవతకు మ్రొక్కు తప్పినదా? జాకరదేవత పండుగలో లోపము జరిగినదా? చనిపోయిన పెద్దలు అలిగిరా? కాక పొరుగువాడెవడైన చిల్లంగి పెట్టెనా? కారణము తేలిన పిమ్మట కోడియో మేకయో బలి యగును. కొన్ని వేళల చిల్లంగి నింద పడిన మనుష్యుడే బలియైన దురంతములును జరిగినవి.

కొండవారు ఇట్లు అడుగుదురని మైదానపువారమగు మనము చిరునవ్వు నవ్వనక్కరలేదు. "ఏ జన్మలో ఏ పాపము చేసితినో" అను మాట మన యిండ్లలో వినబడని రోజు గలదా? బిడ్డ పోయిన తల్లి తన పూర్వజన్మనే నిందించుకొనును. ఆమె నోదార్పవచ్చిన చుట్టము ఆ మాటనే తల యూపి బలపరచును. బాధ యున్నచోట దోషి యుండవలెను. దోషి కానరానిచో బాధపడువాడే దోషి. ఇది మానవజాతి కంతటికిని అలవాటైన తర్కము. ఈ తర్కమును బైబిలు గ్రంథము ఎట్లు విచారించినదో, ఆ విచారణ మన తూర్పుకనుమల చరిత్రలో ఎట్లు పరీక్షకు వచ్చినదో ఈ ప్రసంగమున మేము చూపదలచితిమి.

బైబిలనిన ఒక్క పుస్తకము కాదు; అనేక శతాబ్దములలో అనేకులు వ్రాసిన గ్రంథముల సంపుటము. కావున బాధను గూర్చి అందు ఒకే సమాధానము లేదు. ద్వితీయోపదేశకాండము వంటి భాగములలో ధర్మము పాటించినవానికి పంటయు సంతానమును, తప్పినవానికి తెగులును కరవును కలుగునను నియమము కనబడును. సామెతల గ్రంథము తరచుగా ఆ దారినే నడచును. సంఘమును క్రమములో నుంచుటకు ఈ నియమము పనికివచ్చెను. కాని కన్నులు తెరచి లోకమును చూచినవారికి చిక్కు వచ్చెను. దుర్మార్గుడు మేడలు కట్టుచున్నాడు; సజ్జనుని యింట పాడె లేచుచున్నది. ఈ చిక్కునుండియే యోబు గ్రంథము పుట్టెను.

ఊజు దేశమున యోబు అను మహానుభావుడుండెను. ఏడుగురు కుమారులు, ముగ్గురు కుమార్తెలు, లెక్కకు మిక్కిలిగా పశుసంపద. అతడు నీతిమంతుడని దేవుడే చెప్పుచున్నాడు. ఈ భక్తి కూలి కొరకు చేయు భక్తి యని, సంపద పోయిన భక్తియు పోవునని సాతాను దేవుని సభలో ఆక్షేపించును. పరీక్ష మొదలగును. ఒక్కనాటిలో సంపదయు సంతానమును నశించును. పిమ్మట దేహమంతయు వ్రణములు పుట్టును. యోబు బూడిదలో కూర్చుండి చిల్లపెంకుతో ఒడలు గీకికొనును.

ఇంతవరకు విన్న తెలుగువానికి హరిశ్చంద్రుడు జ్ఞప్తికి రాక మానడు. అచ్చటను దేవసభలో వాదమే. వసిష్ఠుడు మెచ్చుకొనెను, విశ్వామిత్రుడు పరీక్షింప బూనెను. రాజ్యము పోయెను, ఆలు బిడ్డలు అమ్ముడుపోయిరి, రాజు కాటికాపరి యయ్యెను. బలిజేపల్లి లక్ష్మీకాంతకవి నాటకమును రాత్రులు మేలుకొని చూచి కన్నీరు పెట్టిన మన పెద్దలకు ఈ కథ పరాయిది కాదు. కాని రెండు కథలకును ఒక పెద్ద భేదము గలదు. హరిశ్చంద్రుడు తన సత్యమును విడువడు, దైవమును న్యాయసభకు పిలువడు. యోబు పిలుచును. తాను పుట్టిన దినమును శపించును. తన నేరమేమో చెప్పుమని దేవుని నిలదీయును. తనకును దేవునికిని నడుమ తీర్పు చెప్పగల మధ్యవర్తి లేడే యని వాపోవును. మన హరిశ్చంద్రుని గొప్పతనము ఓర్పులో నున్నది. యోబు గొప్పతనము అబద్ధపు నేరము నొప్పుకొనకుండుటలో నున్నది.

ఆ నేర మొప్పుకొనుమని అతని బలవంతపెట్టినది శత్రువులు కారు, స్నేహితులు. ఎలీఫజు, బిల్దదు, జోఫరు అనువారు మువ్వురును దూరమునుండి వచ్చిరి. మొదటి ఏడు దినములు వారు అతని ప్రక్కన నేలమీద కూర్చుండి ఒక్క మాటయు పలుకలేదు. ఆ గ్రంథమంతటిలో వారు చేసిన మంచిపని అదియొక్కటియే. నోరు తెరచిన పిమ్మట వారు చెప్పినదంతయు ఒకే మాటకు చుట్టుకొన్న దారము: దేవుడు న్యాయవంతుడు, నీవు బాధపడుచున్నావు, కావున నీవు పాపివి. ఎలీఫజు తుదకు యోబు విధవలను వట్టిచేతులతో పంపెనని, అనాథలను పీడించెనని లేని నేరములు కల్పించి చెప్పును. సిద్ధాంతమును నిలుపుకొనుటకు స్నేహితునిమీద నింద వేయుటకును అతడు వెనుదీయలేదు. గ్రంథాంతమున దేవుడు సుడిగాలిలోనుండి పలికి, తన్ను నిలదీసిన యోబును కాక, తన పక్షమున వాదించిన ఆ స్నేహితులనే కోపించును. తన్ను గూర్చి యోబు పలికినట్లు వారు సరిగా పలుకలేదని తీర్పు చెప్పును. మతగ్రంథములలో ఇంతటి సాహసము అరుదు.

ఈ గ్రంథము మన తీరమునకు వచ్చిన వృత్తాంతమే ఒక దుఃఖగాథ. 1805లో లండను మిషనరీ సంఘమునకు చెందిన జార్జి క్రాన్, ఆగస్టస్ దేగ్రాంజ్ అను ఇరువురు విశాఖపట్టణము చేరి తెలుగు నేర్చికొని అనువాదమునకు పూనుకొనిరి. బ్రాహ్మణకులమున పుట్టి క్రైస్తవుడైన ఆనందరాయర్ అనునతడు వారికి చేదోడయ్యెను. నాలుగేండ్లు నిండకుండగనే, 1809లో క్రాన్ మరణించెను. 1810లో దేగ్రాంజ్ మరణించెను. వారు సిద్ధపరచిన సువార్తలు 1812లో శ్రీరామపురమున అచ్చుపడునప్పటికి వానిని చేతబట్టి చూచుటకు ఇరువురిలో ఒక్కడును లేడు. పిమ్మట వచ్చిన ప్రిచెట్ క్రొత్త నిబంధన మొత్తమును ముగింపగా 1818లో అది మదరాసున అచ్చయ్యెను. పాత నిబంధన తెలుగున పూర్తియగుటకు ఆ శతాబ్దపు నడిమికాలము వరకు పట్టెను. ఆ పనిలో విశాఖలోని జాన్ హే మొదలగువారు ఏండ్లతరబడి శ్రమించిరి.

కొండలమీది కథ మరింత కఠినము. నాడు కోరాపుట్, జయపురములు విశాఖపట్టణపు జిల్లాలోనివే. 1936లో ఒడిషా ఏర్పడిన పిమ్మటనే వేరయ్యెను. ఉత్తరజర్మనీలో బ్రెక్లుమ్ అను చిన్న గ్రామమున క్రిస్టియన్ యెన్సెన్ అను పాదిరి 1876లో ఒక మిషను స్థాపించెను. దాని పక్షమున ఎర్న్‌స్ట్ పోల్, హెర్మన్ బోత్‌మన్ అను యువకులు 1881లో బయలుదేరి మరుసటి యేట కోరాపుట్ చేరిరి. కొండల దిగువన సాలూరును వారికొక స్థావరమయ్యెను. తొలి దశాబ్దములలో ఆ మిషనువారిని వెన్నాడిన శత్రువు రాజు కాదు, పూజారి కాదు, జ్వరము. యువకులు, వారి భార్యలు, పసిబిడ్డలు ఆ మట్టిలో కలిసిరి.

ఇప్పుడు ఎలీఫజు తర్కమును ఇక్కడ పెట్టి చూడుడు. జ్వరము దేవుని శిక్షయైనచో, ఎవరికి ఈ శిక్ష? తన దేవుని మాట మోసికొని వచ్చిన బోధకుడే మొదట పడిపోవుచున్నాడు. తరతరములుగా ఆ కొండలలోనున్న పెద్దవాడు ఆరోగ్యముగా దున్నుకొనుచున్నాడు. చూచిన కొండవారు తమ దేవతలు తమవారిని కాచి పరాయివారిని దండించుచున్నారని తలచిన, ఆ తలపున తప్పేమి? మరియొక వంక, రోగమును విగ్రహారాధనకు శిక్షగా వర్ణించిన బోధకులును నాటి కాలమున లేకపోలేదు. ఇరుపక్షములును ఒకే త్రాసుతో తూచినవి. ఆ త్రాసే సరికాదని యోబు గ్రంథము చెప్పుచున్నది. అది బోధకుని సంచిలోనే యున్నది.

నిజమేమి? ఆ పెద్దవాడు దైవబలమున నిలువలేదు. మలేరియా నిత్యమునున్న చోట పుట్టిన బిడ్డ పలుమారులు జ్వరపడును. బ్రదికి పెరిగినవానికి క్రమముగా కొంత తాళుకొను శక్తి వచ్చును. క్రొత్తవానికి ఆ శక్తి లేదు. కాని ఆ పెద్దవాని ఆరోగ్యమునకు వెల చెల్లించినది అతని తోడబుట్టినవారు, పసితనముననే పోయినవారు. మైదానమునుండి వచ్చిన అతిథి కండ్లకు కనబడినది బ్రదికినవాడు. చిన్న సమాధులు కనబడలేదు.

ఈ రహస్యమును విప్పిన పనిలో తెలుగుదేశమునకును చోటున్నది. మలేరియా యను మాటకు ఇటాలియను భాషలో చెడుగాలి యని యర్థము. మన్యపు గాలియు నీరును చెడ్డవని మనవారు నమ్మినట్లే ఐరోపావారును నమ్మిరి. 1897 ఆగస్టు 20వ తేదీన, సికిందరాబాదు బేగంపేటలో రొనాల్డ్ రాస్ అను సైనిక వైద్యుడు, హుసేన్ ఖాన్ అను రోగిని కుట్టిన దోమల పొట్టలను సూక్ష్మదర్శినిలో పరీక్షించుచు మలేరియా పరాన్నజీవిని కనుగొనెను. కుట్టిన దోమ కొక అణా చొప్పున హుసేన్ ఖానునకు ముట్టెను. 1902లో రాసునకు నోబెల్ బహుమానము లభించెను. 1930లలో బెంగాలు-నాగపూరు రైల్వేవారి మలేరియా శాస్త్రజ్ఞుడు సీనియర్ వైట్ జయపురపు కొండలలో శోధించి, రోగమును వ్యాపింపజేయు దోమజాతులను వివరించెను. వానిలో ముఖ్యమైనది మెల్లగా పారు కొండవాగుల అంచులలో పెరుగునట్టిది. దోషి గాలి కాదు, దేవత కాదు, రోగియు కాదు. వాగు ఒడ్డున పుట్టిన ఈగకన్న చిన్న పురుగు!

దోషి దొరికినంతనే మార్గమును దొరకెను. 1947 ప్రాంతమున ఈ దేశమున ఏటేట 7.5 కోట్లమంది మలేరియాపాలై, 8 లక్షలమంది మరణించిరని అంచనా. 1953లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమము ఆరంభమై యింటింట డి.డి.టి. చల్లిరి. 1960ల నడుమకు రోగుల సంఖ్య లక్షకు దిగెను. పిమ్మట అలసత్వమును, మందునకు లొంగని దోమలును కలిసి 1976లో అది 64 లక్షలకు మరల ఎగబాకెను. ఈ సంఖ్యలు పెరిగి తరిగినది దేశప్రజల పాపపుణ్యములు పెరిగి తరిగినందున గాదని వేరుగా చెప్పనేల? ఎనిమిది లక్షల తల్లులకు "నీ పాపమే" యని చెప్పిన మాట ఎనిమిది లక్షల మారులు అబద్ధమయ్యెను.

యోహాను సువార్తలో నొక ఘట్టము గలదు. పుట్టుగ్రుడ్డియైన యొకని చూచి శిష్యులు యేసు నడుగుదురు: పాపము చేసినది వీడా, వీని తలిదండ్రులా? రెండింటిలో నొకటి కావలెనని వారి పట్టు. యేసు రెండింటిని త్రోసిపుచ్చి, ఇక చేయవలసిన పనివైపు దృష్టి త్రిప్పి, గ్రుడ్డివానికి చూపు నిచ్చును. లూకా సువార్తలో సిలోయము గోపురము కూలి 18 మంది చచ్చిన సంగతి నెత్తినప్పుడును అదే మాట: చచ్చినవారు బ్రదికినవారికన్న పాపులు కారు.

తలిదండ్రుల మాట వచ్చినది గనుక మన్యములోని మరియొక వ్యాధిని చెప్పవలెను. కొడవలికణ రక్తహీనత, అనగా సికిల్‌సెల్ వ్యాధి, మనదేశమున తొలుత 1952లో నీలగిరి గిరిజనులలో గుర్తింపబడెను. తూర్పుకనుమల తెగలలోను గలదు. రక్తకణములు కొడవలివలె వంగి సన్ననాళములలో చిక్కి భరింపరాని నొప్పి కలిగించును. ఈ లక్షణము తల్లినుండియో తండ్రినుండియో ఒక్క పాలు మాత్రమే వచ్చిన బిడ్డ సుఖముగా నుండును; అంతేకాదు, ప్రాణాంతకమగు మలేరియానుండి వానికి కొంత రక్షణయు లభించును. ఇరువురినుండియు వచ్చిన బిడ్డ బాధపడును. ఇట్టి దంపతులకు ప్రతి కాన్పునందును నాల్గింట నొక వంతు ఆ యపాయము గలదు. ఏ గుణము అన్నను జ్వరమునుండి కాచెనో ఆ గుణమే తమ్ముని నొప్పితో మెలిపెట్టును. శిష్యుల ప్రశ్నకు ఇంతకన్న స్పష్టమైన ఉదాహరణము మాకు తెలియదు. వ్యాధి తలిదండ్రులనుండియే వచ్చినది, కాని వారి దోషము రవ్వంతయు లేదు. 2023లో కేంద్రప్రభుత్వ మారంభించిన సికిల్‌సెల్ నిర్మూలన కార్యక్రమమున రక్తపరీక్షలు చేయుచున్నారు. పరీక్ష కాగితమును చేతబట్టుకొని "నా వలననేనా" అని యడుగు తల్లికి, ఆ కాగితముతోపాటు ఈ మాటయు అందవలెను.

అయినను అన్ని బాధలకును దోషి లేడనుట పొరపాటు. మన్యములో దోషులున్న బాధలును గలవు. సాహుకారు ఇచ్చిన కొద్దిపాటి అప్పునకు వడ్డీ క్రింద మనిషి యేండ్లతరబడి చాకిరి చేయు గొత్తి పద్ధతి యా కొండలలో నుండెను. 1917లో ఏజెన్సీలలో వడ్డీని నూటికి 24కు మించకుండ కట్టుదిట్టము చేసి, గిరిజనుల భూమి యితరుల పాలు గాకుండ నిషేధించుచు చట్టము వచ్చెను. 1940లో ఋణదాస్యముపై రెగ్యులేషను వచ్చెను. 1976లో వెట్టిచాకిరి దేశమంతట రద్దయ్యెను. ఒకదానిపై నొకటి యిన్ని శాసనములు కావలసివచ్చుటయే ఆ రోగము యెంత లోతైనదో చెప్పుచున్నది. అడవి చట్టములు పోడు సేద్యమును కట్టివేసెను. గూడెము కొండలలో రోడ్డు పనికి చాలీచాలని కూలి యిచ్చి వంచించిరి. 1922 మొదలు 1924 వరకు అల్లూరి సీతారామరాజు నాయకత్వమున సాగిన పితూరీకి ఈ బాధలే మూలము.

ఈ బాధను "కర్మము" అనుటయు, "దేవుని చిత్తము" అనుటయు సాహుకారునకు మేలు చేయుట యగును. ఇచ్చట బైబిలు యోబు స్వరమును విడిచి ప్రవక్తల స్వరము నెత్తుకొనును. క్రీస్తునకు పూర్వము ఎనిమిదవ శతాబ్దమున తెకోవకు చెందిన ఆమోసు అను పసులకాపరి, చెప్పుల జోడు వెలకు బీదవానిని అమ్మిన ధనికులను దూషించెను. అతడు బీదవాని పాపమును వెదకలేదు. త్రాసు మోసపుచ్చిన చేతిని చూపెను.

కావున మా దృష్టికి బైబిలు మనకిచ్చునది ఒక్క సమాధానము కాదు, ఒక వివేకము. బాధను చూచినప్పుడు అడుగవలసిన మొదటి ప్రశ్న "నీవేమి పాపము చేసితివి" అనునది కాదు. ఇది వాగులోని దోమవలన వచ్చినదా, రక్తములోని గుణమువలన వచ్చినదా, మరియొకని దురాశవలన వచ్చినదా యని విచారింపవలెను. మొదటిదానికి మందు, రెండవదానికి పరీక్షయు సేవయు, మూడవదానికి న్యాయస్థానము. మూడింటికిని లొంగని దుఃఖము మిగులును. దానికి యోబు గ్రంథములోను వివరణము లేదు. సుడిగాలిలోనుండి దేవుడు నక్షత్రములను, సముద్రమును, కొండమేకలు ఈను కాలమును చూపి ప్రశ్నించునే గాని సాతాను వాదమును గూర్చి యోబునకు చెప్పనే చెప్పడు. యోబునకు మరల సంపదయు, ఏడుగురు కుమారులును ముగ్గురు కుమార్తెలును కలిగిరి. కాని పోయిన పదిమంది తిరిగి రాలేదు. గ్రంథకర్త ఆ లెక్కను సరిచేయుటకు ప్రయత్నింపలేదు. ఏ తల్లికైనను అది సరిపడు లెక్క కాదని అతనికి తెలియును.

చివరకు, ఆ స్నేహితుల ఏడు దినములు మా మనస్సున నిలుచును. వారు నోరు తెరువక ప్రక్కన కూర్చున్నంతవరకు స్నేహితులు. కారణము చెప్ప నారంభించినప్పుడు న్యాయాధిపతులైరి. ఇప్పటికిని వానలు వెలసిన పిమ్మట తూర్పుకనుమల గూడెములలో జ్వరము వచ్చును. దోమతెరతోను, మందు బిళ్ళతోను, రక్తపు చుక్క తీసి చూచు సాధనముతోను ఆరోగ్యకార్యకర్త కొండదారిని నడచి ఆ యింటికి పోవుచున్నది. ఆమె గడపలో అడుగుపెట్టి ముందుగా అడుగు మాట "ఎవరి దోషము" అని కాదు, "జ్వరమెన్ని దినములనుండి" అని. మన యింటనో పొరుగింటనో దుఃఖము కలిగిన వేళ మనమును ఆమెవలె అడుగ నేర్చితిమేని, యోబు పడిన శ్రమ వ్యర్థము కాదు.